తొంభై తొమ్మిది గొర్లను ఎవలకు అప్పజెప్పిండు?

పిల్లలను అంత నిశ్శబ్దంగా ఎలా కూర్చోబెట్టేవారు మేడం అని కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. నేను హెడ్మాస్టరమ్మగా దిగిపోయి నాలుగేళ్లు దాటింది. జడ్చర్లలో బస్సు మారేటప్పుడు ఎవరో ఒక పాత విద్యార్థి ఎదురై, "మీ తాళాలగుత్తి సప్పుడు ఇనబడితె మాకు గుండె ఆగేది మేడం" అని నవ్వుతూ చెప్తాడు. ఒకప్పుడు ఆ మాట నాకు బంగారు పతకంలా ఉండేది. ఇప్పుడు నేనూ నవ్వుతాను గానీ, ఆ నవ్వు గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది.

పిల్లలను నోరెత్తకుండా కూర్చోబెట్టడం కష్టమేమీ కాదు. ఎవరైనా చేయగలరు. ఒక పిల్ల నోరెత్తిన రోజున నేనేం చేశానో చెప్తాను, వినండి. నా ఉద్యోగంలో చేసిన తప్పులన్నిటిలో పెద్దది అదే. దిద్దుకునే అవకాశం దొరికిన తప్పు కాబట్టి ఇంత తీరుబడిగా కూర్చుని చెప్పగలుగుతున్నాను. అందరికీ ఆ అవకాశం దొరకదు.

మా బడి మక్తల్ పోయే దారిలో ఒక చిన్న ఊళ్ళో ఉంది. చర్చివారి బడి. ఎనిమిదో తరగతి దాకా. పిల్లల్లో క్రైస్తవుల ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళు పట్టుమని పదిమంది కూడా ఉండేవారు కాదు. మిగతా అందరూ చుట్టుపక్కల ఊళ్ళ రైతుల పిల్లలు, గొర్ల కాపరుల పిల్లలు, కూలికి పోయేవాళ్ళ పిల్లలు. మా ప్రార్థన గురించి గానీ, మేం చెప్పే బైబిలు వాక్యం గురించి గానీ ఆ తల్లిదండ్రులు ఎప్పుడూ పేచీ పెట్టలేదు. చేర్పించడానికి వచ్చినప్పుడు వాళ్ళు కోరేది ఒకటే. "జర భయం భక్తి నేర్పుండ్రి మేడం. తోలు తీసినా సరే, బొక్కలు మాకు మిగిలిస్తె సాలు."

భయం, భక్తి. రెంటిలో మొదటిది నాకు బాగా వచ్చు.

దానికి ఒక కారణం ఉంది. మా నాయిన ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు, మిగతా ఆరు రోజులూ కూలికి పోయేవాడు. ఊరి పెద్దల ఇళ్ళ ముందు నుంచి నడవాల్సి వస్తే చెప్పులు విడిచి చేత పట్టుకునేవాడు. నేను చిన్నప్పుడు ఎందుకని అడిగితే, "తల వంచుకుంటె తలకు దెబ్బ తగలది బిడ్డా" అన్నాడు. వినయాన్ని మా చర్చిలో తగ్గింపు అంటారు. ఆయన దాన్నే తగ్గింపు అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. తల వంచుకుని చదివాను, తల వంచుకుని టీచరునయ్యాను. కుర్చీలో కూర్చునే రోజు వచ్చాక మాత్రం, ఎదుటివాళ్ళ తల వంగి ఉందా లేదా అని చూడటం మొదలుపెట్టాను. రోజూ ఉదయం ప్రార్థన తర్వాత పది నిమిషాలు మాట్లాడేదాన్ని. సగం రోజులు విధేయత, సగం రోజులు తగ్గింపు. పెద్దలకు ఎదురు చెప్పకూడదు, టీచరు చెప్తే మారు మాట ఉండకూడదు. పిల్లలు చేతులు కట్టుకుని వినేవాళ్ళు. ఎంత బాగా నేర్పుతున్నానో అని నాకు లోలోపల ఒకటే మురిపెం. తగ్గింపు గురించి చెప్తూ చెప్తూ ఎంత గర్విష్ఠినయ్యానో నాకే తెలియలేదు.

తెలంగాణ వచ్చిన తర్వాత సర్కారు కాపరులకు గొర్రెలు పంచిన రోజులవి. క్రిస్మస్‌కు వారం ముందు, మా చర్చి బళ్ళన్నిటికీ పెద్దగా ఉండే పాస్టరు అయ్యగారు హైదరాబాదు నుంచి వచ్చారు. తెల్లటి లాల్చీ, మెత్తటి మాట, పెద్ద వయసు. మా బడిని పదో తరగతి దాకా పెంచాలని మేం ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాం. ఆయన చూసి సరేనంటే అవుతుంది. అందుకే ఆ రోజు గోడలకు సున్నం దగ్గర నుంచి పిల్లల రిబ్బన్ల దాకా అన్నీ నేనే చూసుకున్నాను.

ప్రార్థన అయింది. అయ్యగారు నా పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఆ రోజు చెప్పడానికి నేను తప్పిపోయిన గొర్రె కథ ఎంచుకున్నాను. ఒక కాపరికి నూరు గొర్రెలున్నాయి. ఒకటి తప్పిపోయింది. తొంభై తొమ్మిదింటినీ అడవిలో విడిచిపెట్టి ఆ ఒక్కదాన్ని వెతుక్కుంటూ పోయాడు. దొరికాక కోప్పడలేదు, భుజాల మీద వేసుకుని సంతోషంగా ఇంటికి తెచ్చాడు. ఇంతే కథ. నేను దానికి ఒక తోక తగిలించాను. "ఆ గొర్రె ఎందుకు తప్పిపోయింది? కాపరి మాట వినలేదు కాబట్టి. మీరు అలా చేయొద్దు" అన్నాను. ఆ మాట కథలో ఎక్కడా లేదు.

ఏడో తరగతి వరసలోంచి ఒక చెయ్యి లేచింది.

ఆ పిల్ల నాకు తెలుసు. కాపరుల ఇంటి పిల్ల. తల్లి చిన్నప్పుడే పోయింది, అవ్వ దగ్గర పెరుగుతోంది. చదువులో నడిమి రకం, లెక్కల్లో గట్టి. ఉదయపు మాటల మధ్య ఎవరూ చెయ్యెత్తరు. అటువంటి అలవాటే మా బళ్ళో లేదు. అయ్యగారు ముందున్నారు కాబట్టి మంచిదానిలా తల ఊపాను.

"మేడం, తొంబై తొమ్మిది గొర్లను ఎవలకు అప్పజెప్పి పోయిండు?"

నాకు వెంటనే అర్థం కాలేదు. "ఏంటి?" అన్నాను.

"ఆ కాపరి, మేడం. అడివిల ఇడిసిపెట్టి పోయిండు అన్నరు గద. కావలి లేకుంటె తోడేలు పడ్తది. ఊరకుక్కలు గుడ పడ్తయి. గా ఒక్కటి దొర్కుతది గని ఇక్కడ పది పోతయి. ఎవలకు అప్పజెప్పిండు?"

ముందు మూడో తరగతి పిల్లలు నవ్వారు. తర్వాత బడి మొత్తం నవ్వింది. నేను పక్కకు చూశాను. అయ్యగారు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. నా ముఖం మంటెక్కింది. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి ముందు, నా బళ్ళో, నా మాట మీద నవ్వు! ముప్పై ఏళ్ళు కట్టుకున్న గోడ ఒక్క ప్రశ్నతో కూలినట్టు అనిపించింది.

"అధికప్రసంగం చేయకు. కూర్చో" అన్నాను.

"లేదు మేడం, నిజంగనే అడుగుతున్న."

అంతే, నాకు ఒళ్ళు తెలియలేదు. ముందుకు రమ్మన్నాను. జెండా కర్ర పక్కన కంకరలో మోకాళ్ళ మీద నిలబెట్టాను. అయ్యగారికీ నాకూ సారీ చెప్పి లేవమన్నాను. పిల్ల మోకాళ్ళ మీద నిలబడింది, సారీ మాత్రం చెప్పలేదు. అయ్యగారు "వదిలేయండమ్మా" అని మెల్లగా అన్నారు. ఆయన మర్యాద కోసం అంటున్నారనుకున్నాను. పిల్లలను తరగతులకు పంపించి, ఆయనకు టీ ఇప్పించి, బడి చూపించే పనిలో పడ్డాను. మధ్యలో రెండుసార్లు వరండాలోంచి చూశాను. ఎండలో అలాగే ఉంది.

ఇంటర్వెల్‌కు దగ్గరికి వెళ్ళి, "ఇప్పుడన్నా చెప్తావా?" అన్నాను.

"తప్పేందో చెప్పుండ్రి మేడం. చెప్తె సారీ అంట" అంది. ఏడవడం లేదు. మోకాళ్ళ కింద కంకర అచ్చులు పడ్డాయి. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు నా ముఖంలోకి చూస్తోంది. ఆ చూపును నేను తలపొగరు అనుకున్నాను.

"రేపు మీ నాయిన్ని తీసుకొస్తేనే బడికి రా. లేకుంటే రాకు" అన్నాను.

ఇదంతా మా తెలుగు సారు చూస్తూనే ఉన్నాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. ఆయనది మహబూబ్‌నగర్ దగ్గర ఒక పల్లె. పూజలూ ఉపవాసాలూ నిష్ఠగా చేసే మనిషి, అయినా మా ప్రార్థనలో అందరికంటే ముందు నిలబడేవాడు. పొద్దున్నే పదిమంది మంచిమాట అనుకుంటుంటే మనం పక్కన నిలబడితే పోయిందేముంది అనేవాడు. ఆఫీసు గదిలోకి వచ్చి, "మేడం, పోరి గొర్ల సంగతి అడిగింది. మిమ్ముల ఏమనలేదు" అన్నాడు.

"మీలాంటివాళ్ళు వెనకేసుకొస్తేనే ఇట్ల తయారైతరు సార్" అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. విధేయత నేర్పడంలో నేను పెద్దలను కూడా వదల్లేదు.

మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక ఏడో తరగతి క్లాసు టీచరు వచ్చి, ఆ పిల్ల కనబడటం లేదంది. పుస్తకాల సంచి బెంచీ మీదే ఉంది. అన్నం గిన్నె సంచిలోనే ఉంది. మూత్రశాలలు చూశారు, వెనక తోట చూశారు. గేటు దగ్గర ఉండే ఆయా, "మేడమే ఇంటికి పొమ్మన్నరని చెప్పి పోయింది" అంది.

ఇప్పుడు మీకు చెప్తుంటే చిన్న మాటలా ఉంది. అప్పుడు అలా లేదు. బడిలో ఒక మాట అన్నందుకు పిల్లలు ఏమేం చేసుకున్నారో పేపర్లో చదువుతూనే ఉంటాం కదా. చదివినప్పుడల్లా, ఆ టీచరు ఎంత కఠినురాలో అనుకునేదాన్ని. మా బడి చుట్టూ పొలాల్లో గోడల్లేని పాతబావులు ఎన్నో ఉన్నాయి.

బయటికి పరుగెత్తబోయి వరండాలో ఆగాను. అయ్యగారు అన్నం ముందు కూర్చుని ఉన్నారు. విషయం చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుని లేచారు. "మీరు వెళ్ళండమ్మా. బడి నేను చూసుకుంటాను" అన్నారు.

తెలుగు సారు అప్పటికే బండి తీశాడు. పొద్దున నేనన్న మాట ఆయన ముఖంలో ఎక్కడా లేదు.

పిల్ల వాళ్ళ ఊరు మూడు కిలోమీటర్లు. అవ్వ వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. మమ్మల్ని చూసి చాట పక్కన పెట్టింది.

"పోరి ఏది? మీరెందుకొచ్చిన్రు?"

"ఇంటికి రాలేదా అవ్వా?"

"రాలే బిడ్డా. బడికి పోయింది గద." ఆమె నా ముఖం చూసింది. "ఏమన్నంటిరా?"

"ఏమనలేదు అవ్వా" అన్నాను.

ముప్పై ఏళ్ళు అబద్ధం ఆడొద్దని చెప్పిన నోరు అది. తెలుగు సారు తల పక్కకు తిప్పుకున్నాడు. నన్ను ఇబ్బంది పెట్టకుండా ఆయనే అడిగాడు. "అవ్వా, నీ కొడుకు మంద యాడ పెట్టిండు?"

"వాగు అవతల కందిచేన్ల దిక్కు. ఎరువుకోసమని ఒక రైతు మందను ఆపిచ్చుకున్నడు. ఐతారం నాడు పోరి సద్ది పట్కపోయింది. ఇయ్యాల యే చేన్ల ఉన్నడో ఏమో, ఫోన్ల ఛార్జింగు లేదు."

వాగు దాకా తారురోడ్డు, తర్వాత బండ్లబాట. పత్తి ఏరిన చేన్లు, కోతకొచ్చిన కంది. మనుషులు కనబడ్డ చోటల్లా ఆగి అడిగాం. ఎవరూ చూడలేదన్నారు. బాట పక్కన ఒక పాతబావి వచ్చింది. సారు బండి ఆపాడు. నేను దిగబోయాను.

"మీరుండుండ్రి మేడం. నేను చూస్త" అన్నాడు.

నేను బండి పట్టుకుని నిలబడ్డాను. ఆయన చెప్పులు విడిచి అంచు దాకా వెళ్ళి, మోకాలు వంచి లోపలికి చూశాడు. చాలాసేపు చూసినట్టనిపించింది. బావిలోంచి పావురాలు రెక్కలు కొట్టుకుంటూ పైకి లేచాయి. ఆ సమయంలో నేను దేవుణ్ణి ఏమని అడిగానో ఇప్పుడు చెప్పలేను. మాటలున్న ప్రార్థన కాదది.

"ఏం లేదు మేడం. నీళ్ళు గుడ తక్కువే ఉన్నయి" అన్నాడు.

అలా మూడు బావులు చూశాడు. మూడుసార్లూ నన్ను దగ్గరికి రానివ్వలేదు. నా మాటకు మారు మాట్లాడని మనిషి, ఆ రోజు నన్ను ఆగమంటే నేను ఆగాను. ఒకరి మాట వినడమంటే ఏంటో ఆ బావుల దగ్గర కొంచెం తెలిసింది. ఆయన నాకంటే గట్టిగా అరిచినందుకు కాదు, నేను చూడకూడనిది తను చూడటానికి ముందుకెళ్ళాడు కాబట్టి విన్నాను.

పొద్దు వాలుతుండగా గొర్రెల అరుపులు వినబడ్డాయి. కందిచేను కొట్టేసిన ఎర్రనేలలో మంద పరుచుకుని ఉంది. ఒక పక్క ఇద్దరు మనుషులు ఒక గొర్రెను పడుకోబెట్టి దాని గిట్టలోంచి ముల్లు తీస్తున్నారు. గొర్రె తల ఒడిలో పెట్టుకుని అదిమి పట్టుకున్నది ఆ పిల్ల.

నేను బండి దిగి, ఆ ఎర్రమట్టిలో ఉన్నచోటనే కూర్చుండిపోయాను. చీర సంగతి, వయసు సంగతి గుర్తు రాలేదు. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో తెలియలేదు. "స్తోత్రం, స్తోత్రం" అని మాత్రం నోటికొచ్చింది. తెలుగు సారు కూడా ఆయన దేవుణ్ణి తలచుకుని కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

పిల్ల నన్ను చూసి గొర్రెను వదిలి నిలబడింది. "నమస్తే మేడం" అంది, రోజూ బళ్ళో అన్నట్టే.

వాళ్ళ నాయిన తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని పరుగున వచ్చాడు. సన్నటి మనిషి, భుజాన గొంగడి. వంగి రెండు చేతులూ జోడించాడు. "తప్పైంది మేడం. తల్లి లేని పిల్ల, నోరు జర ఎక్కువ. మనసుల పెట్టుకోకుండ్రి. ఏయ్, మేడం కాళ్ళు మొక్కు!"

తలగుడ్డ చేతిలో పట్టుకుని వంగి నిలబడ్డ ఆ మనిషిని చూస్తే నాకు చెప్పులు చేతపట్టుకున్న మా నాయిన కనబడ్డాడు. ఈసారి ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిని నేను. ఆ సంగతి తట్టగానే దభాలున లేచాను. పిల్ల నా కాళ్ళ దాకా వంగబోతుంటే రెక్క పట్టుకుని ఆపాను.

"ఎందుకొచ్చినవమ్మా ఇంత దూరం?" అన్నాను.

"మీరే నాయినను తీస్కరమ్మన్నరు గద మేడం" అంది. తర్వాత కాస్త ఆగి, "ఇంకోటి, నాయినను అడుగుదామని గుడ వచ్చిన. నేను అడిగింది తప్పా కాదా అని. గొర్ల సంగతి నాయినకు ఎర్క ఉంటది" అంది.

ఈ పిల్లకు పెద్దలంటే లెక్కలేదని పొద్దున కంకరలో నిలబెట్టాను. ఈ పిల్ల తనకు తెలియనిది పెద్దల్ని అడగడానికి ఆకలితో ఏడెనిమిది కిలోమీటర్లు ఎండలో నడిచింది. ఎవరిని అడగాలో కూడా దానికి తెలుసు.

"మీ నాయిన ఏమన్నడు?"

"మేడం మాటకు అడ్డం పోవద్దు అన్నడు. గని నా ప్రశ్నకు ఇంక చెప్పలే."

నేను ఆయన వైపు తిరిగాను. "నేను అడుగుతున్న. మీరైతే ఎవరికి అప్పజెప్పి పోతరు?"

ఆయన ముందు సిగ్గుపడ్డాడు. నేను నిజంగానే అడుగుతున్నానని తెలిశాక గొంతు మారింది. "ఒక్కన్నే ఉంటె పోను మేడం. అందుకే ఇద్దరం లేంది మంద తోలం. ఈయన మా బామ్మర్ది. ఒకటి తక్కువైతె, యే దిక్కు పోతున్ననో ఈయనకు చెప్త, గొర్లను ఒక్క కాడికి జమచేసి అప్పజెప్త, అప్పుడు పోత. దొర్కిందాక రాను. గొర్రె ఆగమైతె దానికి తెల్వదు మేడం, ఊకె అరుస్తది. కొట్టుకుంట తోలుకొస్తె రాదు. ఎత్తుకోవాల్సిందే." కాసేపు ఆలోచించాడు. "మీ కథల కాపరి మంచోడే. ఆయనకు గుడ ఎవలో ఒకలు తోడుండే ఉంటరు. కథ చెప్పినోడు గది చెప్పుడు మర్శినట్టుండు."

తెలుగు సారు గట్టిగా నవ్వాడు. పిల్ల నాయిన బామ్మర్దీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ కథను నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఆ కాపరి ఒంట్లో అలసట ఎలా ఉంటుందో ఆ రోజు దాకా ఆలోచించలేదు.

నవ్వు తగ్గాక పిల్లతో అన్నాను. "నువ్వు అడిగింది తప్పు కాదు. నిన్ను మోకాళ్ళ మీద నిలబెట్టింది నా తప్పు. కానీ చూడు, అవ్వకు చెప్పలేదు, క్లాసు టీచరుకు చెప్పలేదు. నీకేమైందోనని మేం ఎంత ఆగమైనమో!"

"గది తప్పే మేడం. సారీ" అంది వెంటనే. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పొద్దున రెండు గంటలు కంకర మీద నిలబెట్టినా రాని మాట, తప్పేదో చూపించగానే పెదవుల మీదికి వచ్చింది.

వాళ్ళ నాయిన మాకు జొన్నరొట్టె పెట్టాడు. మధ్యాహ్నం నుంచి ఎవరమూ ఏమీ తినలేదు. అంత రుచైన రొట్టె మళ్ళీ తినలేదని చెప్తే మీరు నమ్మరు.

బడికి ఫోన్ చేశాను. అయ్యగారు ఎత్తారు. పిల్ల దొరికిందని చెప్తే ముందు స్తోత్రం అన్నారు. తర్వాత, "గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నానమ్మా. ఒక్కొక్క ఆటో ఎక్కేవాళ్ళను లెక్కపెట్టి పంపించాను. ఇంకొకరు తప్పిపోతే నా వల్ల కాదు" అన్నారు. మర్నాడు బయల్దేరబోతూ అసలు సంగతి చెప్పారు. ఆయన రైతుబిడ్డ. చిన్నప్పుడు మేకలు కాశారట. "ఇన్నేళ్ళుగా ఈ కథ చెప్తున్నాను, ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. సంతోషం పట్టలేక నవ్వాను" అన్నారు. నేను చూసిన వెక్కిరింత ఆయన ముఖంలో అసలు లేనే లేదు. దాన్నీ నేనే తగిలించాను, కథకు తోక తగిలించినట్టు.

మర్నాడు ఉదయం ప్రార్థనకు ముందు మా లెక్కల టీచరు నన్ను ఆపింది. ఆమె మంచి టీచరు, నేను తయారుచేసిన మనిషి. "మేడం, మీరు అందరి ముందు సారీ చెప్తారంట కదా. గదిలోకి పిలిచి చెప్పండి, చాలు. పిల్లల ముందు మీరే తగ్గితే రేపటి నుంచి మా మాట ఎవరు వింటరు?"

ఆమె భయం ఉత్తదేమీ కాదు. నాకూ అదే భయం. రాత్రి నిద్రపట్టలేదు. "అందరి ముందు నిలబెట్టిన కదా, గదిలో చెప్తే ఎట్ల సరిపోతది?" అన్నాను.

ప్రార్థన అయ్యాక ఏడో తరగతి వరస దగ్గరికి నడిచాను. పెద్దగా ఏమీ మాట్లాడలేదు. "నిన్న ఈ పిల్ల మంచి ప్రశ్న అడిగింది. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి శిక్ష వేసిన. తప్పు నాది. క్షమించు బిడ్డా" అన్నాను. బడి అంతా నిశ్శబ్దం. నేను ముప్పై ఏళ్ళలో సాధించిన నిశ్శబ్దాల కంటే అది వేరుగా ఉంది. నా తాళాలగుత్తి చప్పుడుకు భయపడిన నిశ్శబ్దం కాదు. పిల్లలు నా వైపు చూస్తున్నారు, అంతే.

తర్వాత గోడ కూలలేదు. కొన్ని ఇటుకలు రాలిన మాట నిజమే. ఆ వారమంతా ప్రశ్నల మీద ప్రశ్నలు. నోవహు ఓడలో తేళ్ళను ఎవలు ఎక్కించిండ్రు మేడం అని అయిదో తరగతి వాడొకడు జలప్రళయం కథ పట్టుకుని నన్ను మూడు రోజులు వేధించాడు. ఇద్దరు ముగ్గురు నా మెత్తదనాన్ని పరీక్షించాలని చూశారు. వాళ్ళను మందలించాను, మందలించాల్సినప్పుడు ఆ తర్వాత కూడా మందలిస్తూనే వచ్చాను. పిల్లలు పెద్దలను గౌరవించాలి, ఆ మాటను నేను వదులుకోలేదు. క్రీస్తు పన్నెండేళ్ళ వయసులో గుడిలో పండితుల మధ్య కూర్చుని వాళ్ళను ప్రశ్నలు అడిగాడు. తర్వాత అమ్మానాన్నలతో ఇంటికెళ్ళి వాళ్ళ మాట విన్నాడు. రెండూ ఒకే కథలో ఉన్నాయి. నేను ఏళ్ళ తరబడి రెండో సగమే చెప్పాను.

ఇంకో మాట. తగ్గింపు అనేది ఎవరికి వాళ్ళు చేసుకోవాల్సిన పని. ఇంకొకరి చేత చేయిస్తే దానికి తగ్గించడం అని పేరు. తెలుగులో ఈ రెండు మాటలూ ఎంత దగ్గరగా ఉంటాయో చూడండి. ఆ సందులో నేను ముప్పై ఏళ్ళు తిరిగాను. మీరు కుర్చీలో కూర్చునేటప్పుడు ఆ తేడా ఒకసారి చూసుకోండి. పిల్లలు మీరు చెప్పే తగ్గింపును వింటారు గానీ, మీరు చేసే తగ్గింపునే నేర్చుకుంటారు.

ఆ ఉదయం సంగతి ఒకటి మిగిలింది. ఏడో తరగతి క్లాసు టీచరు ఆ రోజు సెలవు పెట్టింది. ప్రార్థన నుంచి నేరుగా నేనే ఆ గదికి వెళ్ళాను. హాజరుపట్టీ తెరిచాను. తల ఎత్తకుండా ఒక్కొక్క నంబరే పిలుస్తూ వచ్చాను. ఇరవై ఒకటి. ఇరవై రెండు. తర్వాతిది ఆ పిల్ల నంబరు. బయట నా ముందే నిలబడ్డ పిల్లే, గదిలోకి వచ్చిందని తెలుసు. అయినా ఇరవై మూడు అని పిలిచి, కలం పట్టుకుని ఊపిరి బిగబట్టాను.

"ప్రెజెంట్ మేడం!"

కిటికీ మీది పిచ్చుకలు లేచిపోయాయి. అంత గట్టిగా అరవాల్సిన పని లేదు. గడిలో గుర్తు పెట్టి, ఇరవై నాలుగు అన్నాను.